ఎర్ర డబ్బాలో నా పెళ్లి

నా పెళ్లి వీడియో ఈ భూప్రపంచంలో ఒకే ఒక్క చోట చూడగలరు. మైపాడులో, మా ఆవిడ మేనత్త కామాక్షమ్మ గారి ముందుగదిలో, అదీ ఆవిడకి చూపించాలని బుద్ధి పుట్టినప్పుడు. పెళ్లంతా చూపించరు. మధ్యలో చిన్న ముక్క ఒకటి చూపిస్తారు. ఆ ముక్కలో నేనెంత తెలివితక్కువవాడినో ఒక్క వెంట్రుక కూడా మసకబారకుండా కనిపిస్తుంది. ఈ అన్యాయం నాకు శత్రువులెవరూ చేయలేదు. దగ్గరుండి, పట్టుబట్టి, మద్రాసు దాకా పోయి నేనే చేయించుకున్నాను. ఎలాగో చెబుతాను. మీ ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఉంటే ముందు ఇది చదివి, తర్వాత కెమెరా మనిషికి ఫోన్ చేయండి.

నేను తొమ్మిదో తరగతితో చదువుకి దండం పెట్టినవాడిని. నేను చదువుని వదిలేశానా, అదే నన్ను వదిలేసిందా అన్న విషయంలో మా లెక్కల అయ్యవారికీ నాకూ నేటికీ ఏకాభిప్రాయం లేదు. పదిహేడు పద్దెనిమిదేళ్ల కిందట తోటపల్లి గూడూరు సెంటర్లో సినిమా డిస్కులు అద్దెకిచ్చే అంగడి నడిపేవాణ్ణి. రోడ్డుకి ఇవతల నాది. అవతల సుధాకరన్నది. ఇద్దరం ఒకే సినిమాలు తెచ్చేవాళ్లం, ఒకే టీ బంకులో టీ తాగేవాళ్లం, ఒకరి అంగడి మూతపడాలని ఒకే దేవుడికి మొక్కుకునేవాళ్లం.

అప్పట్లోనే ఒక కబురు వచ్చింది. మామూలు డీవీడీల రోజులు అయిపోయాయట. వాటికన్నా ఎన్నో రెట్లు తేటగా బొమ్మ కనిపించే కొత్త డిస్కులు వస్తున్నాయట. చిక్కేమిటంటే అవి రెండు రకాలు. ఒకటి హెచ్‌డీ డీవీడీ, ఎర్ర డబ్బాలో వస్తుంది. రెండోది బ్లూ రే, నీలం డబ్బాలో వస్తుంది. పళ్లెం చూడ్డానికి రెండూ ఒకటే. కానీ ఎర్ర డబ్బాది నీలం మిషన్లో ఆడదు, నీలందేమో ఎర్రదాన్లో ఆడదు. పెద్ద పెద్ద కంపెనీలు రెండు జట్లుగా చీలిపోయి పోట్లాడుకుంటున్నాయి. చివరికి ఒకటే మిగులుతుంది, రెండోది మట్టిలో కలుస్తుంది.

విదేశాల్లో ఎవరు ఎటువైపో నాకు తెలియదు గానీ, తోటపల్లి గూడూరులో మాత్రం ఎర్రజట్టు నేను, నీలంజట్టు సుధాకరన్న. అప్పటికి మా ఇద్దరిలో ఎవరి దగ్గరా డిస్కు లేదు, మిషనూ లేదు. అందువల్ల వాదన మరీ జోరుగా సాగేది.

"పెంచలయ్యా, బ్లూ రేలో సరుకు ఎక్కువ పడతాదంట. పేపర్లో రాసుండారు," అనేవాడు సుధాకరన్న.

"ఎక్కువ పడితే ఏం చేసుకుంటావన్నా? మన సినిమా రెండున్నర గంటలేగా. మిగిలిన జాగాలో వడ్లు ఆరబోసుకుంటావా?"

"మరి నీదాంట్లో ఏముందిరా అంత గొప్ప?"

"పేరులోనే డీవీడీ ఉండాది. మన డీవీడీకి తమ్ముడు. నీది యాణ్ణించి ఊడిపడిందో, దాని ఇంటిపేరేందో ఎవురికన్నా తెలుసా?"

టీ బంకులో జనం నా వైపు చేరి నవ్వేవాళ్లు. నవ్వించినవాడిదే గెలుపని నేను అనుకునేవాణ్ణి. ఈ సంగతి ఆ కంపెనీలకి ఎవరూ చెప్పలేదు.

ఇంతలో నాకు పెళ్లి కుదిరింది. పిల్ల పేరు వరలక్ష్మి, మైపాడు దగ్గర. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్త కామాక్షమ్మ గారే జడవేసి, అన్నం పెట్టి, బడికి పంపి పెంచింది. వరలక్ష్మి నాన్న, అంటే మా మామ కంటే పెద్దది కాబట్టి వరసకి నాకు పెద్దమ్మ అవుతుంది. ఆవిడకి రొయ్యల గుంటలున్నాయి. ఆ గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు పగలంతా గడగడమంటూ తిరుగుతుంటే, వాటిని మించి కేకవేసి పనివాళ్లతో మాట్లాడడం ఆవిడకి అలవాటు. మామూలుగా "బాగుండావా" అని పలకరించినా పక్కవీధిలో వాళ్లు "బాగుండాం" అని జవాబిస్తారు.

పెళ్లి నాది. డిస్కుల అంగడి నాది. అలాంటప్పుడు నా పెళ్లి వీడియో అందరిలాగా మామూలు డీవీడీలో ఉంటే సుధాకరన్న ముందు నా పరువేం కావాలి? మామనీ, వీడియోలు తీసే మస్తాన్‌నీ వెంటబెట్టుకుని మద్రాసు వెళ్లాను. అక్కడ కొత్త డిస్కులు రాసే మిషను తెప్పించుకున్న అంగడి ఒకటి ఉందని తెలుసుకున్నాను. అంగడాయన బల్లమీద ఎర్ర డబ్బా ఒకటి, నీలం డబ్బా ఒకటి పెట్టి, అరవం కలిసిన తెలుగులో, "ఏది కావాలన్నా రాసిస్తాం సార్. ఏది నిలబడుతుందో మాకే తెలీదు," అన్నాడు పాపం నిజాయితీగా.

ఆ మాట విన్నవాడు ఎవడైనా చెప్పులేసుకుని బస్సెక్కేస్తాడు. మేం ఎక్కలేదు. మామ రెండు డబ్బాలనూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెళ్లి డిస్కు నీలం డబ్బాలో ఏందయ్యా?" అన్నాడు. "కుంకం రంగు ఎదురుగ్గా పెట్టుకోని."

"అదే నేనూ అనుకుంటుండా మామా," అన్నాను.

ప్రపంచంలోని ఇంజనీర్లంతా తల బద్దలు కొట్టుకుంటున్న సమస్యని మామా నేనూ ఆ విధంగా కుంకుమ రంగుతో తేల్చేశాం. పెళ్లిపత్రికకి పసుపు రాసినట్టే డిస్కుకి కూడా శుభం చూడాలిగా మరి.

మస్తాన్ మాత్రం నసిగాడు. "అన్నా, ఎందుకైనా మంచిది, మామూలు డీవీడీ కాపీ కూడా ఒకటి రాయించుకుందాం."

"పట్టుచీర కట్టుకోని దాని మీద పాతచీర కప్పుకుంటారా ఎవురన్నా? వద్దు. ఒకటే డిస్కు. ఎర్రది."

"మరి చూసేదానికి మిషను?"

"తొందర్లోనే వస్తాయి సార్," అన్నాడు అంగడాయన. నేను కూడా మస్తాన్ వైపు తిరిగి, ఆ కంపెనీ మా తాతది అయినట్టు, "వస్తాయి," అన్నాను.

పెళ్లి నెల్లూరులో కల్యాణమండపంలో జరిగింది. జరిగిందనే అంటున్నారు. నాకు గుర్తున్నవి లైట్లు, వైర్లు, మస్తాన్ భుజం మీద అద్దెకి తెచ్చిన కొత్త కెమెరా. ఆ కెమెరాలో ప్రతిదీ తేటగా పడుతుందని తెలిసినప్పటి నుంచి నాకు నిలకడ లేదు. మాటలు కూడా తేటగా రావాలని బుల్లి మైకు ఒకటి నా పూలదండ లోపల పెట్టించుకున్నాను. ఈ మైకుని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మీకు. నాకు కాదు. తాళి కట్టానన్న సంగతి కూడా మా ఆవిడ మెడలో చూసి నమ్ముతున్నాను తప్ప నాకు జ్ఞాపకం లేదు.

మర్నాడు పొద్దున్నే మామ దిగాలుగా వచ్చాడు.

"మా అక్క అన్నం తినకుండానే మైపాడు పోయిందయ్యా."

"ఏమైంది మామా?"

"తలంబ్రాలప్పుడు పళ్లెం పట్టుకోని పిల్ల పక్కన నిలబడుండాది గదా. నువ్వేమో ఆమెని పక్కకి లాగేయమని మస్తానుకి చెప్పినావంట."

నేను గుండెమీద చెయ్యి వేసుకుని, "నేనా? పెద్దమ్మనా? ఛ!" అన్నాను. నిజంగానే నాకు గుర్తు లేదు. గుర్తు లేనిది జరగలేదని నమ్మే వయసు అది.

వరలక్ష్మిని తీసుకుని మైపాడు వెళ్లాను. పెద్దమ్మ గుంట గట్టుమీద ఉంది. ఏరేటర్లు తిరుగుతున్నాయి.

"నేనట్ట అనలేదు పెద్దమ్మా," అన్నాను.

"అన్నావబ్బయా. ఈ చెవులతో విన్యాను."

"ఆ మేళాల గోలలో నీకట్ట వినపడిందేమో. పగలంతా ఈ మిషన్ల కాడ ఉంటావు కదా. చెవులు..."

అక్కడితో ఆపి ఉండాల్సింది. ఆపాననే అనుకున్నాను. కానీ పెద్దమ్మ మొహం అప్పటికే మారిపోయింది.

"అంటే నాకు చెవుడంటుండావా?"

"అయ్యో, అట్ట కాదు. సాక్ష్యం ఉండాది పెద్దమ్మా! డిస్కు రానీ. మామూలు డిస్కు కాదది. అందులో అబద్ధం దాగదు. నేను అననేలేదని నీకే తెలుస్తాది."

"సరే. ఆ డిస్కు చూపించు. నువ్వు అనలేదని తేలితే నా చెవులే పోయినాయని ఒప్పుకుంటా. అందాకా నీ గడప తొక్కను."

వరలక్ష్మి ఆటో దిగాక, "డిస్కు ఎప్పుడొస్తాది?" అంది.

పెళ్లి వీడియోలు ఎప్పుడు వస్తాయో మీకు తెలుసు. పిల్లలు పుట్టి నడక నేర్చే లోపు వస్తే అదృష్టం. మాది నయం, ఆరేడు నెలలకే వచ్చింది. ఎర్ర డబ్బా, పైన మా ఇద్దరి ఫోటో, బంగారు రంగు అక్షరాలు. అంగడిలో పదిమందికి చూపించి, కళ్లకద్దుకుని, తమ్ముడు కదా, అన్న ఇంట్లో ఆడకపోతాడా అని ఉన్న డీవీడీ మిషన్లో పెట్టాను. మిషన్ కాసేపు గురగురమంది, నోరు తెరిచి డిస్కుని బయటికి నెట్టింది. మళ్లీ పెట్టాను. మళ్లీ నెట్టింది. జ్వరం వచ్చిన పిల్లాడికి కషాయం పోస్తే ఉమ్మినట్టు ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లు ఉమ్మింది.

మద్రాసుకి ఫోన్ చేశాను. "సార్, ఆ మిషన్లు ఇంక రావు," అన్నాడు అంగడాయన.

ఫోన్ పెట్టేసేసరికి సుధాకరన్న రోడ్డు దాటి వస్తున్నాడు. చేతిలో పేపరు. నడకలోనే అర్థమైపోయింది. సెంటర్ అంతా వినేలా చదివాడు. ఎర్రడబ్బా కంపెనీవాళ్లు ఓటమి ఒప్పుకున్నారట, ఇక తయారు చేయరట.

"పెంచలయ్యా, మీ డీవీడీ తమ్ముడు కాలం చేసినాడంట. దినాలెప్పుడు?"

టీ బంకు బంకంతా నవ్వింది. ఈసారి నా వైపు కాదు.

మస్తాన్ దగ్గరికి పరుగెత్తాను. "కెమెరా టేపులుంటాయి కదరా. వాటినుంచి మామూలు కాపీ రాయించు."

మస్తాన్ తల గోక్కున్నాడు. "ఆ టేపుల మీదే కోట ఊళ్లో ఓణీల ఫంక్షన్ తీసేసినా అన్నా. నువ్వే కదా ఒకటే డిస్కు, ఇంకేం వద్దని చెప్పినావు."

మా పెళ్లి మీద ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఓణీ కట్టుకుంది. ఇక మిగిలింది ఎర్ర డబ్బా ఒక్కటే. దాన్ని ఆడించే మిషను నెల్లూరు జిల్లా మొత్తంలో లేదు.

మైపాడుకి కబురు ఎలా చేరిందో చేరింది. "డిస్కు చూపిస్తే దొరికిపోతానని, ఆడటం లేదని నాటకాలాడుతుండాడు," అందట పెద్దమ్మ. గుంటల మీద అందేమో, ఆ మాట బస్సు కంటే ముందే మా ఊరు వచ్చేసింది.

ఇదిలా ఉండగా మా ఆవిడ నెల తప్పింది. సీమంతం పెట్టాలన్నారు. వాళ్ల ఇంట్లో ఆనవాయితీ ఏమిటంటే, సీమంతంలో తొలి గాజు మేనత్త చేత్తో తొడిగించాలి. తర్వాతే మిగతా ముత్తైదువులు.

"మా అత్త రాకపోతే నేను పీటమీద కూర్చోను," అంది వరలక్ష్మి.

"రమ్మని పిలుద్దాం."

"డిస్కు చూస్తేగానీ రానన్నాది గదా. సాక్ష్యం ఉండాదని ఎగిరిందెవురు? నేనా?"

"అది ఆడటం లేదు కదమే!"

"నాకు తెలీదు. ఆడించు. నన్ను పెంచిన మనిషి లేకుండా నాకు గాజులూ వద్దు, పూలూ వద్దు."

గట్టిగా అరిచి ఉంటే తట్టుకునేవాణ్ణి. మెల్లగా చెప్పి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. నాకు భయం వేసింది.

ఆ మిషన్ కోసం నేను తిరగని చోటు లేదు. నెల్లూరులో అడిగాను, గూడూరు టౌన్లో అడిగాను, కువైట్‌లో ఉన్నవాళ్ల ఇళ్లకి పోయి ఫోన్లు చేయించాను. మద్రాసులో పాతసామాన్ల వీధులు గాలించాను. కోరింది తప్ప అన్నీ చూపించారు. ఒకాయన ఇడ్లీపిండి రుబ్బే మిషను చూపించి ఇది సరిపోతుందా అని అడిగాడు. అప్పటికి నా మొహం అలా ఉండి ఉంటుంది.

చివరికి అంగడి మెట్లమీద కూలబడి ఉంటే సుధాకరన్న రోడ్డు దాటి వచ్చాడు. ఈసారి చేతిలో పేపరు లేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పెంచలయ్యా, నేనొక మాట చెప్తా. ఎవురికీ చెప్పనని ఒట్టెయ్."

"వేసినా."

"ఎర్రదాని మిషను నాకాడ ఉండాది."

మెట్లమీంచి లేచి నిలబడ్డాను.

"ఒకవేళ నీదే గెలిస్తే నా అంగడేం కావాలని అప్పట్లో మా బామ్మర్ది చేత కువైట్ నుంచి తెప్పించి పెట్టుకున్యా. నీలానికి జై కొడతా ఎర్రది కొన్యానని తెలిస్తే నువ్వు నన్ను బతకనిస్తావా? ఇంట్లో బియ్యం డ్రమ్ములో దాచినా."

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్కరోజు ఇయ్యి."

"ఇస్తా. కానీ మైపాడుకి నేనూ వస్తా. ఆ ఆట నేనూ చూడాల."

బియ్యం డ్రమ్ములోంచి మిషను తీసి దులిపితే లోపలి నుంచి మొలగొలుకుల బియ్యం గింజలు రాలాయి. ఆటోలో వరలక్ష్మి, నేను, మా ఇద్దరి మధ్య పసిబిడ్డలా మిషను, ముందు డ్రైవర్ పక్కన సుధాకరన్న. మైపాడు చేరేసరికి పెద్దమ్మ ముందుగదిలో చుట్టుపక్కల వాళ్లందరూ చాపలమీద సర్దుకుని కూర్చున్నారు. రొయ్యలు బాగా పండిన ఏడాది కొన్న తలుపంత టీవీ గోడకి ఉంది. పెద్దమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు.

డిస్కు లోపలికి పోయింది. మిషన్ ఉమ్మలేదు. టీవీ వెలిగింది.

ఆహా, ఏం తేటగా ఉంది! నేను చెప్పినవన్నీ నిజమే. మల్లెపూల మీద నీటిచుక్క కనిపిస్తోంది. పట్టుచీర జరీపోగులు లెక్కపెట్టొచ్చు. "చూసినారా?" అన్నట్టు అందరి వైపూ తిరిగాను. అప్పుడే పక్కావిడ నవ్వింది. తెరమీద నా మొహం పౌడరుతో ఒక రంగులో, మెడ ఇంకో రంగులో ఉన్నాయి. తర్వాత కన్యాదానం దగ్గర మామ ఆవలించాడు, కొండనాలుక దాకా కనపడింది. పురోహితుడు మంత్రం చదువుతూనే సెల్‌ఫోన్ చూసుకున్నాడు. మా చిన్నాన్న లడ్డూలు కండువాలో మూటగట్టడం దూరంలో, మూల, అయినా స్పష్టంగా పడింది. మామూలు డీవీడీ అయితే వీళ్లందరి పరువూ మసకలో దాక్కునేది.

తలంబ్రాలు వచ్చాయి. తెరమీద పెద్దమ్మ పళ్లెం పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో, నవ్వుతూ వరలక్ష్మి పక్కన నిలబడి ఉంది. తెరమీది పెళ్లికొడుకు, అంటే నేనే, పెళ్లికూతురి వైపు కూడా చూడకుండా కెమెరా వైపు మెడ సాచాడు. దండలోని మైకు తన పని తాను చేసింది.

"మస్తానా, ఈ పెద్దమ్మని పక్కకి జరపరా! ఎర్ర డిస్కుకి అడ్డం వస్తుండాది!"

మేళాలని మించి వినపడింది. ఏరేటర్లని కూడా మించేదేమో.

నేను చాప అంచు పీకడం మొదలుపెట్టాను.

"ఇంకోసారి వెయ్యి," అంది పెద్దమ్మ.

రిమోట్ సుధాకరన్న చేతిలో ఉంది. అంత ఇష్టంగా అతను ఏ పనీ చేయడం నేను చూడలేదు. వెనక్కి తిప్పి వేశాడు. మళ్లీ వేశాడు. మూడోసారి చాపలమీద జనం తెరమీది నాతోపాటు "అడ్డం వస్తుండాది" అని వంతపాడారు. వరలక్ష్మి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని హడలిపోయి చూశాను. నవ్వాపుకోలేక వంగిపోతోంది.

"పెద్దమ్మా..." అన్నాను.

"గమ్మునుండు." పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "నువ్వు అన్నందుకు గాదబ్బయా నా బాధ. పెళ్లికొడుకు హడావుడిలో ఏందో అంటాడు. అనలేదన్నావు చూడు, అప్పటినించి నాకే అనుమానం పట్టుకున్నాది. నిజంగానే చెవులు పోయినాయేమో, లేనివి వినపడతుండాయేమో అని. డాక్టరు కాడికి పోదామంటే భయం. గుంటల కాడ పనోళ్లు నా ఎనకాల నవ్వుతుండారేమోనని భయం." అంటూ చాపలమీద వాళ్ల వైపు తిరిగింది. "విన్యారు గదా అందరూ? నా చెవులు బాగుండాయి!"

"బాగుండాయి కామాక్షమ్మా," అన్నారందరూ ఒక్క గొంతుతో.

నేను లేచి వెళ్లి ఆవిడ కాళ్లకి దండం పెట్టాను. నెత్తిమీద మొట్టికాయ వేసి, ఆ చేత్తోనే తల నిమిరింది.

"సీమంతానికొస్తా. కానీ ఆ డిస్కూ ఆ మిషనూ ఇక్కడే ఉంటాయి."

సుధాకరన్న వెంటనే ఒప్పుకున్నాడు. ఇంట్లో బియ్యానికి చోటు కలిసొస్తుందన్నాడు.

అలా ఎర్రజట్టుకి మిగిలిన ఆఖరి కోట పెద్దమ్మ ముందుగది. సుధాకరన్న నీలం డబ్బాలైనా ఎన్నాళ్లో ఏలలేదు. ఫోన్లలోనే సినిమాలొచ్చి రెండు జట్లనీ ఒకే బుట్టలో వేసుకుపోయాయి. ఇప్పుడు మేమిద్దరం రోడ్డుకి అటొకరం ఇటొకరం సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాం. మిషను మాత్రం చెడలేదు. ఆ ఉప్పుగాలికి పెద్దమ్మ ఇంట్లో గేటు తుప్పుపట్టింది, ఫ్యాను తుప్పుపట్టింది, అది మాత్రం నామీద పగబట్టినట్టు ఆడుతూనే ఉంది. చుట్టాలొస్తే పెద్దమ్మ కాఫీ ఇచ్చి, ఆ ముక్క వేసి చూపిస్తుంది. మా అమ్మాయికి మాటలొచ్చాక గుక్కతిప్పుకోకుండా చెప్పిన మొదటి వాక్యం కూడా అదే.

సీమంతం సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజు పెద్దమ్మ చెప్పినట్టే వచ్చింది. వరలక్ష్మి పీటమీద కూర్చుంది. పెద్దమ్మ పచ్చగాజు చేతిలోకి తీసుకుంది. మస్తాన్ కెమెరా ఎత్తాడు. నాకు కూడా చూడాలనిపించి, ఆనందం పట్టలేక, కొంచెం ముందుకి వంగాను. పెద్దమ్మ గాజు తొడగడం ఆపి, గుంటల దగ్గర కేకవేసే గొంతుతో అంది:

"మస్తానా! ఈ అబ్బయ్యని పక్కకి జరపరా. కెమెరాకి అడ్డం వస్తుండాడు!"

కాబట్టి మీ అందరి సాక్షిగా ఇదే నా ప్రమాణం. ఇక ఈ జన్మలో ఏ రెండు కంపెనీల పోట్లాటలోనూ జట్టు కట్టను. డబ్బా రంగు చూసి శుభం ఎంచను. దండలో మైకు పెట్టుకోను. రేపు మా అమ్మాయి పెళ్లికి కెమెరా మనిషి వచ్చి "ఎంత క్లియర్‌గా కావాలి సార్?" అని అడిగితే, మామ ఆవలింతా, చిన్నాన్న లడ్డూలూ, నా నోరూ మూడూ కనపడనంత మసకగా తీయమని చెబుతాను. కానీ పెద్దమ్మ ఎక్కడ నిలబడితే కెమెరా అటే తిరగాలి.